రీ: పోస్టర్ చూసి జనం పారిపోతున్నారు, ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి తమ్ముడూ, ముసలితనం రాకుండా చేసే సైన్స్, రోబోల గురించి మీటింగ్ పెడితే నలుగురే వచ్చారన్నావు గదా, నీ పోస్టర్ చూశాను. తప్పు టాపిక్‌ది కాదు, పోస్టర్‌దే. నల్ల బ్యాక్‌గ్రౌండు, నీలం వెలుగు, మొహం లేని ఇనప మనిషి, అది చూసి మా అత్తయ్యయితే ఏదో చేతబడి అనుకుంటుంది!

1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ వాళ్లకి నార్మన్ బెల్ గెడ్డెస్ అనే డిజైనర్ ఫ్యూచరామా అనే ప్రదర్శన కట్టాడు, జనాన్ని కదిలే కుర్చీల్లో కూచోబెట్టి 1960 నాటి దేశం ఎలా ఉంటుందో రోడ్లు, ఊళ్లు, పొలాలతో బుల్లి మోడల్‌గా చూపించాడు, ఆఖర్న కుర్చీ దిగితే అప్పుడే మోడల్లో చూసిన వీధి కూడలే నిజం సైజులో ఎదురుగా. బయటికొస్తుంటే నేను భవిష్యత్తు చూశాను అని రాసిన బ్యాడ్జి. లెక్చర్ కాదు, చూపించడం. (కార్లు అమ్ముకోడానికే అనుకో, అది వేరే గొడవ.)

రేమండ్ లోవీ అని ఇంకో డిజైనర్, కొత్తదనం జనం ఒప్పుకునే హద్దు దాకానే తీసుకెళ్లాలనేవాడు. అందుకని రోబో తీసేసి, ఎనభై ఏళ్ల తాత మెట్లెక్కి మనవరాలితో డాబా మీద గాలిపటం ఎగరేస్తున్న బొమ్మ పెట్టు, వెనక మీ ఊరి వీధే ఉండాలి. తెలుగు, ఒడియా రెండూ సమాన సైజులో రాయించు, ఒకటి చిన్నదైతే బరంపురంలో మాకు జరిగినట్టే అక్షరాల మీద గొడవతోనే మీటింగ్ అయిపోద్ది. ట్రాన్స్‌హ్యూమనిజం (సైన్స్‌తో మనిషి ఒంటి హద్దులు దాటించాలనే ఆలోచన) అనే మాట మాత్రం పోస్టర్ మీద వద్దు, కొత్తది గీశాక ఇక్కడ పెట్టు చూద్దాం.