కార్డినల్ రిషెల్యూ చిత్రాల్లో ఆ మనిషిని దగ్గరగా చూపించేది ఏది?

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌ను నడిపిన కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పెద్ద మతాధికారి) రిషెల్యూ బొమ్మలు ఇన్ని ఉన్నాయి కదా, ఆయన నిజంగా ఎలా ఉండేవాడో దేనిలో తెలుస్తుంది అని అడిగారు. నా మటుకు లండన్ నేషనల్ గ్యాలరీలోని మూడు ముఖాల చిత్రం. 1642 ప్రాంతంలో ఫిలిప్ ద షాంపేన్ వేశాడు.

అదే చిత్రకారుడు వేసిన నిలువెత్తు రిషెల్యూ కూడా ఆ గ్యాలరీలోనే ఉంది. నేను మొదట ఆగిపోయింది దాని ముందే. రెండున్నర మీటర్ల పైన ఎత్తు, పాదాల దాకా జారే ఎర్రటి పట్టు. కార్డినల్స్‌ను కూర్చోబెట్టి వేయడం ఆనాటి ఆనవాయితీ. ఈయన మాత్రం రాజులా నిలబడ్డాడు. 1624 నుంచి చనిపోయేదాకా 13వ లూయీ కొలువులో ముఖ్యమంత్రిగా ఫ్రాన్స్‌ను నడిపినవాడు, లోకం తనను ఎలా చూడాలనుకున్నాడో అందులో ఉంది. కానీ బయటికి వచ్చాక నాకు గుర్తున్నవి ఆ బట్టలే, ముఖం కాదు.

మూడు ముఖాల చిత్రం చిన్నది, వెడల్పు ముప్పావు మీటరు కూడా ఉండదు. మధ్యలో ముందు నుంచి, అటూ ఇటూ పక్క నుంచి అదే ముఖం. రోమ్‌లో ఉన్న శిల్పికి విగ్రహం కోసం పంపడానికి వేసింది. కుడివైపు ముఖం పైన, ఈ రెండు పక్కల్లో ఇదే బాగుంది అని ఫ్రెంచిలో రాసి ఉంటుంది. అది చదివినప్పుడు నాకు మా తాతయ్య విగ్రహం గుర్తొచ్చింది. చేయించడానికి వెళ్తే శిల్పి, సైడ్ ఫోటో ఉందా అని అడిగాడు. మా దగ్గర ఉన్నది పెళ్లినాటి ఫోటో ఒక్కటే, అదీ ఎదురుగా తీసింది. విగ్రహం వచ్చాక ముక్కు చూసి నాన్నమ్మ, ఈయన ఎవరురా అంది. మనిషిని చూడని శిల్పికి పక్క ముఖం ఎంత అవసరమో మా ఇంట్లో అందరికీ ఆ రోజే అర్థమైంది.

అందుకే ఈ చిత్రాన్ని నమ్ముతాను. శిల్పికి కావలసింది కొలత, పొగడ్త కాదు. లోపలికి పోయిన బుగ్గలు, నెరిసిన గడ్డం, అలసిన కళ్లు అలాగే ఉన్నాయి. 1642 డిసెంబరు 4న రిషెల్యూ చనిపోయాడు.

వీలైతే లండన్‌లోనే వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో పాల్ దెలారోష్ 1829లో వేసిన చిత్రం కూడా చూడండి. అదీ 1642 సంగతే. జబ్బుపడిన రిషెల్యూ రోన్ నది మీద పడవలో పడుకుని, తనపై కుట్ర చేసిన సాంక్-మార్స్‌నూ అతని మిత్రుడు ద తూనూ వెనక పడవలో మరణశిక్షకు తీసుకెళ్తుంటాడు. చాలా అందమైన చిత్రం. కానీ వేసినవాడు ఆయన్ని ఎన్నడూ చూడలేదు. మనకు నవలల్లో, సినిమాల్లో తెలిసిన రిషెల్యూ ఇలాంటివాడే.

రెండు చోట్లా ప్రవేశం ఉచితం, మధ్య దూరం నడవగలిగినంతే. ముందు దెలారోష్ చూసి, తర్వాత మూడు ముఖాల దగ్గరికి వెళ్లండి.