టెక్ సందేహాలు: మాయాలోకాల రచయితలకు మామూలు కంప్యూటర్ చిక్కులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే కోవకు చెందినవి. ప్రచురణ సంస్థల గడప తొక్కకుండా ఫాంటసీ నవలలు సొంతంగా రాసి, సొంతంగా అచ్చు వేయించి, సొంతంగా అమ్ముకునేవారు పంపినవి. పగలు ఉద్యోగం, రాత్రి రాజ్యాల పంపకం. రచయిత, ప్రూఫ్ రీడరు, పేజీ మేకప్ ఆపరేటరు, గుమస్తా అన్నీ తామే కాబట్టి సందేహాలూ అన్ని వైపుల నుంచీ వచ్చాయి. 'ఏ ఫోను కొనమంటారు' అని అడిగినవారు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

మూడు భాగాల నవలలో కథానాయకుడి పేరు 'వీర'. మూడో భాగం పూర్తయ్యాక 'కేతన' అని మార్చాలనిపించింది. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో 'రీప్లేస్ ఆల్' నొక్కాను. పుస్తకం అంతా పాడైంది. ఎందుకిలా? – ఒక పాఠకురాలు, కర్నూలు

ముందు కంట్రోల్, జెడ్ నొక్కండి. ఫైలు మూసేసి ఉంటే పాత కాపీ వెతుక్కోండి. ఆ తర్వాతే మిగతా మాటలు.

కంప్యూటర్‌కు 'వీర' అంటే మనిషి పేరని తెలియదు. వ, దీర్ఘం, ర అనే మూడు సంకేతాల వరుస ఎక్కడ కనిపించినా మార్చేస్తుంది. 'వీరు' అన్న మాటలోనూ ఆ వరుసే ఉంది, చివర కొమ్ము ఒక్కటే అదనం. అందుకే 'వీరు' కాస్తా 'కేతను' అయింది. 'వీరికి' అన్నది 'కేతనికి' అయింది. మీరు పంపిన పేజీలో రాజుగారు కొలువులో నిలబడి 'కేతనంతా నా బంధువులు' అనడం వెనక ఉన్న రహస్యం ఇదే.

'పూర్తి పదం మాత్రమే' అన్న గడిలో టిక్కు పెడితే సరిపోతుందని ఇంగ్లిషులో రాసేవారు సలహా ఇస్తారు. తెలుగులో అది పనికిరాదు. మన విభక్తులు పేరును అంటిపెట్టుకుని ఉంటాయి. వీరకు, వీరతో, వీరని, వీరలా... ఇవన్నీ తప్పించుకుపోతాయి. కథలో సగం చోట్ల వీర, సగం చోట్ల కేతన మిగులుతారు.

లిబ్రే ఆఫీస్ రైటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, అదనపు ఎంపికలలో 'రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్' గడిని ఎంచుకుని, వెతికే చోట ఇలా కొట్టండి:

వీర(?![ంా-్])

'వీర తర్వాత సున్నా గానీ, గుణింతపు గుర్తు గానీ, పొల్లు గానీ లేని చోట్లే చూపించు' అని దీని అర్థం. వీరు, వీరికి, వీరంతా, వీరోచితం పక్కకు తప్పుకుంటాయి. వీరకు, వీరతో దొరుకుతాయి. అయినా 'రీప్లేస్ ఆల్' జోలికి పోవద్దు. వీరగాథ, వీరమరణం లాంటివి కూడా వలలో పడతాయి, ఒక్కొక్కటీ చూసి మార్చాల్సిందే. ఆ తర్వాత 'వీరా!' అన్న పిలుపులను విడిగా వెతకండి. ఇక 'వీరే' అన్న మాట ఉంది చూశారూ, అది 'వీరుడైన వీరే' అయినా కావచ్చు, 'ఈ మనుషులే' అయినా కావచ్చు. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తేల్చలేదు, మీరే చదవాలి.

మీ ఫైలులో ఇంకో తిరకాసు కూడా కనిపించింది. రాజ్యం పేరు కొన్నిచోట్ల 'ఝర్‌వాన్', కొన్నిచోట్ల 'ఝర్వాన్' అని ఉంది. మొదటిదాంట్లో పొల్లుకూ 'వా'కూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. వత్తు పడకుండా ఆపేది అదే, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కంప్యూటర్ లెక్కలో ఈ రెండూ వేర్వేరు మాటలు, ఒకటి వెతికితే రెండోది దొరకదు. మీరు కల్పించిన పేర్లు ఏ కీబోర్డు నిఘంటువులోనూ ఉండవు కాబట్టి ఫొనెటిక్ కీబోర్డు ఒక్కోసారి ఒక్కోలా ఊహిస్తుంది. దీనికి మందు ఆటోకరెక్ట్. ప్రతి పాత్రకూ, ఊరికీ రెండు మూడు అక్షరాల పొట్టి పేరు పెట్టి, దాని ఎదుట సరైన రూపం ఒక్కసారి నమోదు చేయండి. పొట్టి పేరు కొట్టగానే పూర్తి పేరు ప్రతిసారీ అదే రూపంలో పడుతుంది. ఫోనులో రాసేవారికి జీబోర్డులో 'పర్సనల్ డిక్షనరీ' ఇదే పని చేస్తుంది.

మొదటి భాగాన్ని డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించాను. ఇప్పుడు ఈ-బుక్ చేద్దామంటే కాపీ చేసిన ప్రతిసారీ ఇంగ్లిషు పిచ్చిగీతలు వస్తున్నాయి. – ఒక పాఠకుడు, వరంగల్

అవి పిచ్చిగీతలు కావు, మీ నవలే. ఆ తరహా పాత ఫాంట్లలో తెలుగు అక్షరం కనిపిస్తుందే తప్ప ఫైలులో ఉండదు. లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించారు. ఫాంటు తీసేస్తే బొమ్మ పోతుంది. డీటీపీ సెంటర్లలో పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజీమేకర్. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా మన అచ్చు వీధుల్లో అది ఇంకా నడుస్తోందంటే ఆపరేటర్ల చేతికి అది అలవాటైపోవడమే కారణం, వారిని తప్పు పట్టను. ఈ-బుక్‌కు మాత్రం యూనికోడ్ తప్పనిసరి, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉండే పద్ధతి.

పీడీఎఫ్‌తో కుస్తీ పట్టకండి. సెంటర్‌కు వెళ్లి అసలు పేజీమేకర్ ఫైలు అడిగి తెచ్చుకోండి. డబ్బు ఇచ్చి కొట్టించుకున్నారు కాబట్టి అది మీ హక్కు. దాన్నుంచి మాటలు బయటకు తీసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో వేయండి. ఒత్తులు తారుమారు కావడం, మాటల మధ్య ఖాళీలు కలిసిపోవడం మామూలే, కాబట్టి ప్రూఫు మొదటినుంచీ చదవాలి. పెద్ద పుస్తకమైతే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించడమే చవక కావచ్చు. ఒక అధ్యాయం మార్చి చూసి నిర్ణయించుకోండి.

రెండో భాగం నుంచి మొదటి రోజే యూనికోడ్‌లో రాయండి. అచ్చు అందం పోతుందన్న భయం అక్కర్లేదు. మండలి, పెద్దన, సురవరం, రామభద్ర, ధూర్జటి, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వాటి లైసెన్సు అమ్మకానికి పెట్టే పుస్తకంలో పొదగడానికీ అనుమతి ఇస్తుంది. పేజీలు పేర్చడానికి ఇన్‌డిజైన్ వాడే ఆపరేటరు 'ఒత్తులు విడిపోతున్నాయి' అంటే, పారాగ్రాఫ్ ప్యానెల్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోమనండి.

ఇంగ్లిషులో ఫాంటసీ రాస్తాను. కిండిల్‌లో 70 శాతం రాయల్టీ అన్నారు, చేతికి అంత రావడం లేదు. తెలుగు అనువాదం కూడా పెట్టవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ డబ్బు తింటున్నది మీ మ్యాపులు.

70 శాతం పథకంలో ఫైలు సైజును బట్టి డెలివరీ ఖర్చు కోస్తారు. భారత్‌లో అది ఎంబీకి 7 రూపాయలు. ధర 199 అనుకుందాం. నాలుగు రంగుల మ్యాపులు, రాజవంశాల వృక్షాలు, ప్రతి అధ్యాయం నెత్తిన ఒక డ్రాగన్ కలిసి ఫైలు 8 ఎంబీ అయితే 56 రూపాయలు ముందే పోతాయి. మిగిలిన 143లో 70 శాతం అంటే సుమారు 100. అదే ఫైలు 1 ఎంబీ అయితే 134 వచ్చేది. పన్ను లెక్క ఇందులో కలపలేదు. మామూలు కిండిల్‌లోని నలుపు తెలుపు ఈ-ఇంక్ తెర మీద కనిపించేవి 16 బూడిద ఛాయలే, మీ నీలి సముద్రం అక్కడ మసిగుడ్డలా కనిపిస్తుంది. మ్యాపును నలుపు తెలుపు గీతలతో మళ్లీ గీయించి, రెండు ముక్కలుగా వేయండి. పూర్తి రంగుల మ్యాపు మీ వెబ్‌సైటులో పెట్టుకోండి.

ఇంకో షరతు చాలామంది చదవకుండానే ఒప్పుకుంటారు. భారత్‌లో జరిగే అమ్మకాలకు 70 శాతం రావాలంటే పుస్తకాన్ని కేడీపీ (కిండిల్‌లో పుస్తకాలు సొంతంగా పెట్టుకునే అమెజాన్ సేవ) వారి 'సెలెక్ట్' పథకంలో చేర్చాలి. చేరిస్తే 90 రోజుల పాటు దాని డిజిటల్ రూపం మరెక్కడా ఉండకూడదు. పది శాతం వరకు నమూనాగా చూపించుకోవచ్చు, అంతే. వారం వారం అధ్యాయాలు ఇంకోచోట ధారావాహికగా పెట్టే అలవాటు మీకుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. కాగితం పుస్తకానికి ఈ కట్టుబాటు లేదు.

తెలుగు సంగతి. 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషలకు తలుపు తీసింది. ఆ అయిదింటిలో మనం లేము. కోట్లమంది మాట్లాడే భాషను పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అనువాదం మీద ఖర్చు పెట్టే ముందు కేడీపీ సహాయ పేజీలో ఏయే భాషలు ఉన్నాయో చూసుకోండి. తెలుగు పాఠకులను చేరడానికి ప్రతిలిపి, గూగుల్ ప్లే బుక్స్ ఉన్నాయి. సొంతంగా ఈపబ్ (ఈ-బుక్ ఫైలు రూపం) చేసుకోవాలంటే క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాన్ని 2006లో మొదలుపెట్టిన కోవిద్ గోయల్ మనదేశంలో పుట్టినవారే.

నవల రాయడానికి లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలా? స్క్రివెనర్ అనే రచనా సాఫ్ట్‌వేర్ కొనాలా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

రెండూ అక్కర్లేదు. మాటలు కొట్టడానికి కంప్యూటర్‌కు చెమట పట్టదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, మీ వేళ్లకు నచ్చిన కీబోర్డు చాలు. మిగిలిన డబ్బు మంచి కుర్చీ మీద పెట్టండి, ఈ శీర్షికలో నేనిచ్చిన అత్యంత విలువైన హార్డ్‌వేర్ సలహా ఇదే కావచ్చు.

స్క్రివెనర్ మంచిదే. వాడిన రోజులనే లెక్కపెట్టి 30 రోజులు ఉచితంగా ఇస్తుంది, మీ తెలుగు అధ్యాయం ఒకటి అందులో వేసి చూసి నిర్ణయించుకోండి. విండోస్‌లో వైరైటర్ అని ఇంకోటి ఉంది. దాన్ని తయారు చేసిన సైమన్ హేన్స్ స్వయంగా సైన్స్ ఫిక్షన్ నవలాకారుడు, ప్రోగ్రామరు కూడా. పాత్రల చిట్టాలకు, వంశాల లెక్కలకు అబ్సిడియన్ అనే నోట్సు యాప్ వాడండి. రాసినదంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మీ ఫోల్డరులోనే ఉంటుంది. రేపు ఆ యాప్ మూతపడినా మీ రాజ్యం చెక్కుచెదరదు.

ముఖచిత్రం ఏఐతో చేస్తే తప్పా? – ఒక పాఠకుడు, విజయవాడ

నిషేధం లేదు, చెప్పకుండా దాచడం తప్పు. 2023 సెప్టెంబరు నుంచి కేడీపీలో పుస్తకం ఎక్కించేటప్పుడు రాత, బొమ్మలు, అనువాదం వీటిలో ఏది ఏఐ సృష్టో తెలపాలి. పాఠకులకు చూపించరు గానీ వారి దగ్గర నమోదవుతుంది. ఇంకో మాట. 2023లోనే అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒక కామిక్ పుస్తకం విషయంలో రచయిత రాసిన మాటలకు రక్షణ ఇచ్చి, ఏఐ బొమ్మలకు నిరాకరించింది. మీ డ్రాగన్‌ను రేపు ఇంకొకరు తమ అట్ట మీద వేసుకుంటే మీ వాదనకు బలం ఉండకపోవచ్చు. పైగా ఏఐ గీసే తెలుగు అక్షరాలు తరచూ ఏ లోకానికీ చెందవు. చిత్రకారులకు డబ్బిచ్చి గీయించుకోండి, హక్కులు ఎవరివో ఒక కాగితం మీద రాసుకోండి. పుస్తకం పేరును ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి, ఒత్తులు విరగవు. ముఖచిత్రం ఎత్తు 2560, వెడల్పు 1600 పిక్సెళ్లు. పూర్తయ్యాక దాన్ని బొటనవేలి గోరంత చేసి చూడండి, పేరు చదవగలగాలి.

అమెరికా ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2022లో, పాఠకుల నుంచి ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైటులో నాలుగు నవలలకు 4.1 కోట్ల డాలర్లకు పైగా సేకరించారట. నేనూ పెట్టవచ్చా? అన్నయ్య న్యూజెర్సీలో ఉంటారు. – ఒక పాఠకుడు, గుంటూరు

ఆయనకు అప్పటికే దశాబ్దానికి పైగా కూడగట్టుకున్న పాఠకులున్నారు, సైటు కేవలం గల్లాపెట్టె. భారత్‌లో ఉండేవారు కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టలేరు. అన్నయ్య పేరున పెడితే వచ్చే డబ్బు ఆయన ఖాతాలో, ఆయన పన్ను లెక్కలో పడుతుంది. ఆయనతో ముందు ఆ మాట మాట్లాడండి, పండక్కి వచ్చినప్పుడు కాదు. అనుకున్న మొత్తం చేరకపోతే ఒక్క రూపాయీ రాదు, చేరితే 5 శాతం సైటుకు, చెల్లింపుల రుసుము అదనం. మొదటి పుస్తకానికి యూపీఐతో ముందస్తు ఆర్డర్లు తీసుకుని, పోతి.కామ్ లాంటి చోట కావలసినన్ని కాపీలే అచ్చు వేయించడం మేలు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఇప్పిస్తామని ఒక ఏజెంటు కొన్ని వేలు అడుగుతున్నారు. – ఒక పాఠకురాలు, ఖమ్మం

ఇవ్వకండి. మనదేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో రచయితగా మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. కాగితం పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కు వేరొకటి. కిండిల్‌లో మాత్రమే అమ్మే ఈ-బుక్‌కు అసలు అవసరమే లేదు.

మీ రెండో ప్రశ్న, అమెరికా అమ్మకాల రాయల్టీ మీద 30 శాతం పన్ను కోత గురించి. కేడీపీ ఖాతాలోని పన్ను ప్రశ్నావళిలో పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా ఒప్పందం కింద తగ్గింపు కోరితే అది 15 శాతానికి దిగుతుంది. ఆ 15కు కూడా ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు క్రెడిట్ అడగవచ్చు. మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి.

నా నవలలో రాక్షసులకు కొత్త లిపి తయారు చేశాను. దాన్ని ఫాంటుగా చేయవచ్చా? – పదో తరగతి విద్యార్థి, శ్రీకాకుళం

చేయవచ్చు నాయనా, ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. ఫాంట్లు తయారు చేసే ఫాంట్‌ఫోర్జ్ ఉచితం. గీసిన అక్షరాలను స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చి అందులో పెట్టు. యూనికోడ్‌లో ఎవరి లిపికీ కేటాయించని 6,400 గళ్లు మనలాంటివారి కోసం వదిలారు, వాటిని ప్రైవేట్ యూజ్ ఏరియా అంటారు. నీ అక్షరాలను అక్కడే కూర్చోబెట్టు. సులువని తెలుగు అక్షరాల స్థానంలో పెట్టావో, పైన వరంగల్ పాఠకుడికి వచ్చిన తిప్పలే నీకూ వస్తాయి.

ఈ-బుక్ చదివేవారు ఫాంటు మార్చుకుంటే మాత్రం రాక్షస లిపి స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. శాసనం, శాపం లాంటి రెండు మూడు పంక్తులైతే బొమ్మగా పెట్టు. అంతకుమించి రాక్షసులు మాట్లాడాలంటే తెలుగులోనే మాట్లాడించు. లిపి పట్టిక పుస్తకం చివర పెట్టి, నాకూ ఒక కాపీ పంపు.