పెరుగు సరే, ఆ నొప్పుల బిళ్లలు ఎవరు వేసుకోమన్నారు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. జలుబు, జ్వరం వస్తే మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి, తగ్గగానే ఆపేశాను. ఒళ్లు నొప్పుల బిళ్లలు మాత్రం ఇంకా వేసుకుంటున్నాను. నాలుగు రోజులుగా విరేచనాలు. మా అత్తగారు పెరుగన్నం, తరవాణి చాలంటున్నారు. మా అబ్బాయి మేలు చేసే సూక్ష్మజీవులుండే ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ తెచ్చాడు. ఏది మంచిది? పెన్సిలిన్ బూజు నుంచే వచ్చిందట కదా, ఆవకాయ మీద బూజు తీసేసి తినొచ్చా?

జవాబు: పెరుగా, క్యాప్సూలా అన్నది తర్వాత. ముందు ఆ నొప్పుల బిళ్లలు ఆపండమ్మా. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేస్తే కిడ్నీలు దెబ్బతినవచ్చు. పైగా మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. అటు నుంచి ఎవరొచ్చినా నేను మొదట అడిగేది 'నొప్పులకి ఏం మింగుతున్నారు' అనే. రేపే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష) చూపించుకోండి. మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం పడినా, జ్వరం తిరగబెట్టినా రేపటిదాకా ఆగొద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం 1 లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపేవాళ్లను రోజూ చూస్తున్నాను.

యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. మీ విరేచనాలకు అదే కారణం కావచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. అరుదుగా క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా ఆ ఖాళీలో పెరుగుతుంది. అందుకే విరేచనాలు కట్టేసే మాత్ర సొంతంగా వేసుకోవద్దు.

అసలు జలుబుకి యాంటీబయాటిక్ ఎందుకు? చాలావరకు అది వైరస్, ఈ మందు దాన్ని ఏమీ చేయలేదు. 1928లో పెన్సిలిన్ కనుక్కున్న ఫ్లెమింగే 1945 నోబెల్ ప్రసంగంలో, చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకి అలవాటు పడిపోతాయని హెచ్చరించాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో, మట్టిలోని బ్యాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశారు. అంత కష్టపడి తెచ్చిన మందుల్ని మనం షాపులో అడిగి రెండేసి రోజులు చప్పరిస్తున్నాం. మిగిలిన మాత్రలు ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టొద్దు, దాచి ఇంకొకరికి ఇవ్వొద్దు. అది ఏ మాత్రో షీటు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

ఇక మీ అత్తగారి మాట. పెరుగన్నం తినండి, మంచిదే. క్యాప్సూల్‌లో శాకరోమైసిస్ బౌలార్డి అని రాసి ఉంటే అది ఈస్ట్, అంటే ఫంగస్ జాతి. బ్యాక్టీరియాను చంపే మందులు దాన్ని చంపవు కాబట్టి యాంటీబయాటిక్ వాడేటప్పుడు కొందరికి ఇస్తాం. క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. మీకు కావాలో వద్దో చూసిన డాక్టరే చెప్పాలి. తరవాణి నేనూ తాగి పెరిగినవాణ్ణే, కానీ ఆ కుండలో రోజూ ఏ నీళ్లు పోస్తున్నారో నాకు తెలీదు. విరేచనాలు తగ్గేదాకా వద్దు.

ఆవకాయ సంగతి: పారేయండి. పైన కనిపించేది కొంతే, దాని పోగులు లోపలికి పాకి ఉంటాయి. పెన్సిలిన్ ఫలానా ఒక్క రకం బూజు నుంచి తీసి శుద్ధి చేసింది, జాడీలో పెరిగేది ఏ రకమో చూసి చెప్పలేం. బూజు పట్టిన వేరుశనగ అయితే మరీ ప్రమాదం. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినా పూర్తిగా పోదు.