సెల్ఫ్ మోటారు మార్చే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. బావగారు 2012లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండిని అమ్మకుండా నువ్వు నడుపుకుంటున్నందుకు చాలా సంతోషం. సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని చప్పుడు వచ్చి ఆగిపోతోందనీ, నాలుగైదుసార్లు నొక్కితే ఒక్కోసారి తిరుగుతోందనీ, షెడ్డులో చూసినవారు మోటారు మొత్తం మార్చేయమన్నారనీ రాశావు. విజయవాడ ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా బండ్ల కరెంటు పనే చేస్తున్నవాణ్ణి కనుక గట్టిగా చెబుతున్నాను: ఆ ఒక్క లక్షణాన్ని బట్టి మోటారు పోయిందని తేల్చడం సరికాదు. బ్యాటరీ నుంచి మోటారు దాకా కరెంటు వెళ్లే దారినంతా మీటరుతో కొలిచి చూసిన తరువాతనే మోటారు విప్పాలి. బండికి కిక్ ఉంది కాబట్టి తొందరపడి డబ్బు పోయవలసిన అవసరం లేదు.

మొదట బ్యాటరీ చూడు. బండి రాత్రంతా ఆగి ఉన్న తరువాత, తాళంచెవి తిప్పకముందే, మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి కొలిస్తే 12.6 దగ్గర చూపాలి, 12.2 కన్నా తక్కువ ఉంటే ఛార్జింగ్ పెట్టించి మళ్లీ చూడు. అంతకన్నా ముఖ్యమైనది సెల్ఫ్ నొక్కి ఉంచినప్పుడు వచ్చే అంకె. ఆ క్షణంలో 10 వోల్టులకు పైన నిలిస్తే బ్యాటరీ బాగున్నట్టు. 9కో 8కో జారిపోతే బ్యాటరీ లోపల ఏదో ఒక సెల్లు నీరసించిందనీ, లేదా మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోందనీ అర్థం. ఈ రెండింటిలో ఏదో తెలుసుకోవడానికి మంచి బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూస్తే చాలు. నీ బండికి 12 వోల్టుల 14 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉండాలి. చవకగా వస్తోందని అంతకన్నా చిన్నది వేయించి ఉంటే ముందు దాన్ని మార్చు.

బ్యాటరీ బాగుంటే తరువాతి అనుమానం బిగింపుల మీదకు పోవాలి. టెర్మినళ్ల మీద తెల్లగానో ఆకుపచ్చగానో చిలుము పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బోల్టులు బిగించి, పైన కాస్త వాజిలిన్ పూయి. నెగెటివ్ వైరు ఛాసిస్‌కు బిగించినచోట తుప్పు పడితే కంటికి కనపడదు కానీ మీటరు దాచదు. మీటరు ఎర్ర వైరును మోటారు ఒంటి మీద, నల్ల వైరును బ్యాటరీ నెగెటివ్ పోలు మీద ఆనించి సెల్ఫ్ నొక్కించు. 0.2, 0.3 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్టు. అలాగే పాజిటివ్ పోలుకూ మోటారు టెర్మినల్‌కూ మధ్య కొలువు. అర వోల్టు దాటితే తప్పు వైరులోనో, స్విచ్చి నొక్కగానే మోటారుకు పెద్ద కరెంటు కలిపే రిలేలోనో ఉంది. ఈ పరీక్షకు పక్కన ఒక మనిషి ఉండాలి. బండి న్యూట్రల్‌లో, సెంటర్ స్టాండ్ మీద ఉండాలి.

నువ్వు చెప్పిన ‘టక్’ చప్పుడు రిలేది. అంటే స్విచ్చి నుంచి రిలే దాకా కరెంటు వస్తోందన్నమాట, కనుక కిల్ స్విచ్చి, క్లచ్ స్విచ్చి, ఫ్యూజు గురించి నువ్వు ఇప్పుడు తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. అయితే రిలే చప్పుడు చేసినంత మాత్రాన లోపలి రాగి బిళ్లలు కలిశాయని నమ్మకం లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిళ్లలు మాడి నల్లబడి, ఒకసారి కలుస్తూ, ఒకసారి కలవక పోతాయి. ‘నాలుగైదుసార్లు నొక్కితే తిరుగుతోంది’ అన్నావు చూడు, అది మాడిన రిలేకు కూడా సరిగ్గా సరిపోయే లక్షణం. చాలామంది స్క్రూ డ్రైవరు అడ్డం పెట్టి రిలే రెండు లావుపాటి టెర్మినళ్లను కలిపి చూస్తారు. నువ్వు మాత్రం ఆ పని చేయవద్దు. నిప్పురవ్వలు ఎగురుతాయి, పక్కనే కార్బురేటరు, పెట్రోలు పైపు ఉన్నాయి. దానికి బదులు లావుపాటి జంపర్ కేబులుతో బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటారు టెర్మినల్‌కు ఒక్క సెకను ఆనించు. కేబులును ముందు మోటారు దగ్గర బిగించి, చివరి స్పర్శ బ్యాటరీ దగ్గర జరిగేలా చూసుకో. మోటారు బలంగా తిరిగిందా, రిలే మార్చి ఊరుకో. రిలే ఖర్చు మోటారు ఖర్చులో చాలా చిన్న వంతు. నేరుగా కరెంటు ఇచ్చినా మూలిగి ఆగిపోతే అప్పుడే మోటారు బయటకు తీయాలి.

తీసే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తప్పనిసరిగా విప్పు. మోటారు సిలిండరు వెనుక, క్రాంక్‌కేసు మీద ఉంటుంది. చుట్టూ మట్టి, నూనె పేరుకుని ఉంటాయి కాబట్టి ముందు బ్రష్షుతో శుభ్రం చేసి, ఆ తరువాత బోల్టులు విప్పు. లేకుంటే మోటారు తీయగానే ఆ మట్టంతా ఇంజిన్లోకి జారుతుంది. మోటారు మీద వైరు బిగించే నట్టును విప్పేటప్పుడు ఒక్క విషయం మరిచిపోకు: ఆ బోల్టు మొదట్లో ఇంకొక నట్టు ఉంటుంది, దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని, రెండో పానాతో పై నట్టు తిప్పాలి. పట్టుకోకుండా తిప్పితే బోల్టే తిరిగి లోపలి కార్బన్ (తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే ముక్క) తీగను తెంపేస్తుంది. మంచి మోటారు అక్కడికక్కడ పాడైపోతుంది. బిగించేటప్పుడూ ఇదే పద్ధతి.

బయటకు వచ్చాక రెండు మూతలకూ మధ్య గొట్టానికీ కలిసేలా మార్కరుతో గీతలు గీసుకో. పొడవాటి బోల్టులు రెండూ తీసి, మూత మెల్లగా లాగు. సన్నని వాషర్లు ఎటువైపువి ఎన్ని వచ్చాయో ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో. లోపల అయస్కాంతాలు ఆర్మేచరును, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, గట్టిగా లాక్కుంటాయి, కాబట్టి నిదానంగా వదిలించు. గొట్టాన్ని కింద పడేయకు, సుత్తితో తట్టకు; ఆ అయస్కాంతాలు పింగాణీ జాతివి, బీటలు వారితే గొట్టంతో సహా పారేయవలసిందే.

ఇక్కడ నీకు నల్లని పొడి గుట్టగా కనిపిస్తుంది. అది అరిగిన కార్బన్ల పొడి. నోటితో ఊదకుండా, ముఖానికి గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్షుతో దులుపు. కొందరు ఆర్మేచరును పెట్రోలులో ముంచి కడుగుతారు, అది వైండింగ్ (చుట్టిన రాగి తీగ) మీది వార్నిష్‌కు చేటు. కాంటాక్ట్ క్లీనర్ చాలు. పొడితో పాటు ఇంజిన్ ఆయిల్ కూడా లోపల తడిగా ఉంటే మోటారు మూతిలోని సీలు పోయిందని తెలుసుకుని, దాన్ని మార్చకుండా ఏదీ తిరిగి బిగించకు. నూనె తడిసిన కొత్త కార్బన్లు మళ్లీ కొద్దికాలానికే చెడిపోతాయి.

కార్బన్లను కొత్త సెట్టు పక్కన పెట్టి పొడవు పోల్చు. సగానికి సగం అరిగాయంటే మార్చడమే మంచిది. స్ప్రింగు పట్టు వదిలితే కార్బన్ పొడవుగా ఉన్నా రాగి మీద ఒత్తుకోదు, కనుక స్ప్రింగులు కూడా చూడు. పాత కార్బన్లను చేతిలో పట్టుకుని వెళ్లి అదే కొలతవి కొను. గూట్లో అవి వేలితో నొక్కితే లోపలికి పోయి, వదిలితే ఆగకుండా బయటకు రావాలి.

ఆర్మేచరు మీద రాగి పట్టీలు ఉన్న భాగాన్ని సన్నని గరుకు కాగితం పట్టీగా కత్తిరించి, చుట్టూ తిప్పుతూ, మెరుపు వచ్చేదాకా మాత్రమే రుద్దు. పట్టీల మధ్య సన్నని గాళ్లు రాగి కన్నా లోతుగా ఉండాలి. కార్బన్ నిండి సమానమై ఉంటే, పాత హాక్సా బ్లేడు ముక్కను సన్నగా సానబెట్టి, ఒక్కొక్క గాడీ మెల్లగా గీకు. తరువాత మీటరుతో రెండు పరీక్షలు: పక్కపక్క పట్టీల మధ్య కరెంటు పారాలి, పట్టీకీ ఇరుసుకూ మధ్య పారకూడదు. రెండోది పారితే ఆర్మేచరు షార్టయినట్టే, కార్బన్లు వేసి లాభం లేదు. రీవైండింగ్ చేసేవారు ఉన్నారు కానీ, ఇంత చిన్న ఆర్మేచరుకు చేతిపని అందరిదీ ఒకేలా నిలవదు. అటువంటప్పుడు కంపెనీ మోటారు కొనడాన్నే నేను ఇష్టపడతాను.

బిగించేటప్పుడు కార్బన్లు వెనక్కి నిలిచేలా సన్నని తీగ పెట్టుకుని, ఆర్మేచరు లోపలికి వెళ్లాక తీగ లాగేయి. ఇరుసు తిరిగే బుష్‌లకు చిటికెడు గ్రీజు చాలు. ‘ఓ-రింగు’ అనే రబ్బరు వలయం కొత్తదే వేయి.

ఇంకొకటి రాయాలి. ఏదో ఒకరోజు మోటారు ‘గుయ్’మని తిరుగుతూ ఇంజిను మాత్రం కదలకపోతే మోటారును నిందించకు, అది మోటారు తిప్పును ఇంజినుకు అందించే స్ప్రాగ్ క్లచ్ జారుతున్న చప్పుడు. ఎడమవైపు కవరు విప్పి, మాగ్నెట్‌ను పుల్లరుతో తీయవలసిన పని అది, అనుభవమున్న మేస్త్రీకే అప్పగించు. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు సెల్ఫ్ పదేపదే నొక్కితే ఇంజిను సగం తిరిగి వెనక్కి తన్నుతుంది, ఆ దెబ్బ తినేది స్ప్రాగే. అందుకే బ్యాటరీ సంగతి అంత వివరంగా రాశాను. ఒక్కసారికి ఐదు సెకన్లు మించి నొక్కకు, కాసేపు ఆగు, రెండోసారికీ కాకపోతే కిక్ కొట్టు.

పని ముగిశాక ఇంజిను స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ ఇచ్చి బ్యాటరీ మీద వోల్టులు కొలువు. 13.5కూ 14.5కూ మధ్య ఉండాలి. లేకపోతే ఛార్జింగ్ లోపం ఉన్నట్టు. దాన్ని సరిచేయకపోతే బ్యాటరీ మళ్లీ నీరసించి సెల్ఫ్ మళ్లీ మొరాయిస్తుంది. సెల్ఫ్ నొక్కినప్పటి అంకె, ఎర్త్ దారి అంకె, మోటారు టెర్మినల్ దగ్గరి అంకె — ఈ మూడూ కాగితం మీద రాసి నాకు పంపు. అవి చూశాక రిలేనో మోటారో నేను చెబుతాను. అప్పటిదాకా షెడ్డులో మోటారు ఆర్డరు పెట్టవద్దని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య