ఎంజైము చోటు తేల్చే ముందు

చిరంజీవి అమ్మాయికి, మల్లేశ్వరం నుంచి పెదనాన్న ఆశీస్సులతో రాయునది.

సైక్లోఆక్సిజనేజ్-2 (ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైము) కణ కేంద్రకం చుట్టూ వలయంలా మెరుస్తున్న చిత్రాలు పంపి, అది కేంద్రక త్వచంలోనే ఉంటుందని థీసిస్‌లో రాయవచ్చునా అని అడిగావు. అంత మాట ఇప్పుడే రాయవద్దు. కేంద్రక త్వచానికి లోపలిదీ బయటిదీ రెండు పొరలు; బయటి పొర ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో (కణం లోపల వల్లా పరుచుకున్న పొరల్లో) కలిసిపోయే ఉంటుంది. పైగా ఆ రెండు పొరల నడుమ ఎడం 30 నుంచి 50 నానోమీటర్లే కాగా, మామూలు కాన్ఫోకల్ మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపలేదు. మిషిగన్‌లోని విలియం స్మిత్ బృందం 1995లో ఫ్లోరెసెన్స్ చిత్రాలను బట్టి ఈ ఎంజైము కేంద్రక త్వచం దగ్గరే ఎక్కువగా ఉందని ప్రకటించింది. 1998లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశాక, సైక్లోఆక్సిజనేజ్ ఒకటో రకమూ రెండో రకమూ కూడా రెటిక్యులంలోనూ కేంద్రకపు రెండు పొరల మీదా ఇంచుమించు ఒకే తీరున ఉన్నాయని తేల్చింది. మీ గైడు చెప్పకపోయినా ఆ రెండు పేపర్లూ వరుసగా చదువు.

ప్రస్తుతానికి నీ చేతిలో ఉన్న పరీక్ష డిజిటోనిన్, అంటే కణపు పొరలకు రంధ్రాలు చేసే రసాయనం. తక్కువ మోతాదులో అది కొలెస్టరాల్ దండిగా ఉన్న కణపు పైపొరను మాత్రమే తెరుస్తుంది, అలాంటిదే అయిన ట్రైటాన్ లోపలి పొరలతో సహా అన్నిటినీ తెరుస్తుంది. సైక్లోఆక్సిజనేజ్ రెటిక్యులం లోపలి వైపున ఉంటుంది కనుక డిజిటోనిన్ వేసిన పలక మీద, ఎంజైమును పట్టి చూపే యాంటీబాడీ దాన్ని చేరకూడదు. చేరిందంటే మోతాదు మించిందన్నమాట. రెటిక్యులం లోపలే ఉండే బిప్ అనే ప్రోటీన్‌కు కూడా అదే పలక మీద రంగు పెట్టి చూస్తే సందేహం తీరుతుంది. సీసా మారినప్పుడల్లా మోతాదు మళ్ళీ సరిచూసుకోవాలి, ఆ పొడి శుద్ధత ఒకేలా ఉండదు.

5-లైపాక్సిజనేజ్ (ల్యూకోట్రైన్లను తయారుచేసే ఎంజైము)తో ఇంకా జాగ్రత్త అవసరం. విశ్రాంతిగా ఉన్న న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణంలో అది సైటోసోల్‌లో (కేంద్రకం బయటి కణద్రవంలో), ఊపిరితిత్తుల మాక్రోఫేజ్ అనే రక్షక కణంలో చాలావరకు కేంద్రకంలో ఉంటుంది. కాల్షియం పెరగగానే రెండింటిలోనూ కేంద్రక త్వచానికి చేరుతుంది. న్యూట్రోఫిల్ ఊరికే గాజుకు అంటుకున్నా ఆ ఎంజైము కేంద్రకంలోకి వెళ్ళిపోతుంది, అందుచేత కణాలు కవర్‌స్లిప్ (పలుచని గాజు బిళ్ళ) మీద ఎంతసేపు ఉన్నాయో నోట్‌బుక్‌లో రాయకపోతే ఆ చిత్రానికి విలువ లేదు.

వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు డిజిటోనిన్, ట్రైటాన్ చిత్రాలను ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసి పట్టుకురా. అంతవరకు థీసిస్‌లో "కేంద్రకం పరిసరాల్లో" అని మాత్రమే ఉండనీ.