తొర్ర ఒకటే ఉంది

కడప

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. తెల్లారకముందే పోయి బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద కూర్చున్నావే, ఆ ఓపిక చూసి చాలా సంతోషమేసింది. కానీ 'తీతువుల బతుకు పోరు' అని పేరు పెట్టావు చూడు, అక్కడ ఆగిపోయాను. పోరు నువ్వు చూశావా, లేక ఆ రెండు రకాల తీతువులూ ఒకే తీరుగా ఉన్నాయి కాబట్టి ఉండే ఉంటుందిలే అనుకున్నావా?

కంటి ముందు ఎర్రతోలు ఉండే తీతువు తడిని వదలదు. చెరువు అంచు, కాలువ గట్టు దాని చోటు. పసుపుతోలుది బీడు పిట్ట, గులకరాళ్ల మెరక ఉంటే దానికి చాలు. రెండూ పురుగులు తినేవే, రెండూ నేలమీద గుడ్లు పెట్టేవే. అయినా అవి ఎదురుపడింది ఒక్కసారేనని నువ్వే రాశావు.

తగువు చూడాలంటే మా వీధి చివర చింతచెట్టు కిందికి రా. చిలుకల జంట తొర్ర అంచు కొరికి వెడల్పు చేసుకుంటుంటే గోరింకలు దిగాయి. ఒక గోరింక చిలుక తోక పట్టి లాగింది. పచ్చటి ఈక ఒకటి నా చెప్పు పక్కనే పడింది. చిలుకది కాయ, గింజ. గోరింకది ఎక్కువగా పురుగు. కూటి దగ్గర తగువే లేదు. ఉన్న తొర్ర ఒకటే. పాత చెట్లు కొట్టేసేకొద్దీ ఈ కొట్లాట ముదురుతుంది. రాయాల్సింది అదమ్మా!

మాస్కోలో గాస్ అనే జీవశాస్త్రవేత్త చేసిన ప్రయోగం నువ్వు ప్రస్తావించావు, మంచిదే. 1934లో అచ్చయింది. ఒకే గొట్టంలో, ఒకే మేత మీద రెండు రకాల పారమీషియాలను, అంటే కంటికి ఆనని ఏకకణ జీవులను, పెంచితే ఆరీలియా మిగిలింది, కాడేటమ్ పోయింది. ఒకదాన్నొకటి కొరకలేదు, మేత చాలలేదంతే. అందరూ అక్కడికే ఆపేస్తారు. అదే కాడేటమ్‌ను తర్వాత బుర్సేరియా అనే మరో రకం పారమీషియంతో కలిపి పెంచితే రెండూ బతికాయి. బుర్సేరియా గొట్టం అడుగున మేసింది, కాడేటమ్ పైన. పిట్టల్లోనూ అంతే. మన లంకమల అడవిలోని కలివికోడి అనే పిట్ట రాత్రి పొదల మధ్య తిరుగుతుంది. దాని చుట్టమే అయిన ఇండియన్ కోర్సర్ పగటిపూట బయలు నేలలో తిరుగుతుంది. చోటు ఒక్కటే కాదు, వేళ కూడా పంచుకునేదే.

ఏప్రిల్‌లో చెరువు ఇంకినాక మళ్లీ పో. బురద తగ్గితే ఎర్రది బీడులోకి దిగుతుందేమో చూడు. దిగితే పసుపుది ఏం చేస్తుందో, ఏ పూట, ఎంత దూరంలో, అన్నీ రాసుకో. ఏమీ జరగకపోతే జరగలేదనే రాయి. ఆ నోట్సు నాకు పంపు, వ్యాసం తర్వాత చూద్దాం.