డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నా.. థెరపీకి ఎవరి దగ్గరకు వెళ్లాలి?

ప్రశ్న: నా వయసు 31. గుంటూరులో ఓ ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. ఆరు నెలలుగా దేని మీదా ఆసక్తి ఉండటం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. సైకియాట్రిస్టు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు, థెరపీ కూడా తీసుకోమన్నారు. ఆన్‌లైన్‌లో ఒక కౌన్సెలర్‌తో రెండుసార్లు మాట్లాడితే ‘మాత్రలు మానేసి పాజిటివ్‌గా ఆలోచించండి’ అన్నారు. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. ఒక్కోసారి బతికి ఏం లాభం అనిపిస్తోంది. ఆఫీసులో తెలిస్తే ఎలా అన్న భయం ఒకటి.
- ఓ సోదరి, గుంటూరు

జవాబు: ‘బతికి ఏం లాభం’ అన్నారు కదా, ముందు దాని సంగతి చూద్దామమ్మా. ఆ మాట మీ సైకియాట్రిస్టుకు చెప్పారా? చెప్పకపోతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆలోచన ‘ఎలా చనిపోవాలి’ అన్నదాకా వెళ్తే మాత్రం ఒంటరిగా ఉండకండి. ఇంట్లో వాళ్లకు చెప్పి వెంటనే దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మాత్రలు మానేయమన్న ఆ కౌన్సెలర్ దగ్గరకు ఇక వెళ్లొద్దు. మందు ఆపాలా, తగ్గించాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. ఈ మందుల గుణం కనిపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటాం. వీటికి మత్తుమందుల్లా బానిసలవ్వరు. కానీ ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం మామూలే. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించకపోతే ఆ సంగతీ డాక్టరును అడగండి.

ఇక థెరపిస్టు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారంతా డిప్రెషన్‌కు చికిత్స చేసేంత చదువుకున్నవారు కాదు. కొద్దిరోజుల సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టినవారూ ఉన్నారు. మీరు వెతకాల్సింది క్లినికల్ సైకాలజిస్టును. వీళ్లు మందులు రాయరు. క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్ లాంటి శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకుని ఉంటారు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. అర్హత ఉన్నవారు నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

మీ సైకియాట్రిస్టునే ఎవరి దగ్గరకు పంపుతారో అడగడం అన్నిటికన్నా సులువు. మీ ఊళ్లోని జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) సైకియాట్రీ ఓపీలోనూ వాకబు చేయవచ్చు. విశాఖలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. సినిమాల పుణ్యమా అని ఎర్రగడ్డ పేరు చెబితేనే జనం నవ్వుతారు గానీ, అక్కడి ఓపీకి నిద్రపట్టక, దిగులుతో వచ్చేవాళ్లూ ఉంటారు. అర్హత ఉన్నవారైతే వీడియో కాల్‌లో చేసే థెరపీ కూడా మంచిదే. మీరు బాధను ఏ భాషలో చెప్పుకోగలరో ఆ భాష వాళ్లకు వచ్చి ఉండాలి.

మొదటి సిటింగ్‌లో ఎక్కువగా మీ కథ వింటారు. ‘ఏమీ చెప్పలేదు’ అని నిరాశపడకండి. డిప్రెషన్‌కు ఎక్కువగా చేసేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. మేనేజర్ ఒక ఫైలు వెనక్కి పంపగానే ‘నేను దేనికీ పనికిరాను’ అనిపిస్తుంది చూడండి, ఆ ఆలోచనను కాగితం మీద పెట్టించి, అది ఎంతవరకు నిజమో మీతోనే తేల్పిస్తారు. సాయంత్రం పావుగంట నడవడం లాంటి చిన్న హోంవర్కు ఇస్తారు. వారానికోసారి, ముప్పావుగంట చొప్పున మూడు నాలుగు నెలలు పట్టవచ్చు.

మూడు నాలుగు సిటింగ్‌లయ్యాక కూడా ఆ మనిషి ముందు మనసు విప్పలేకపోతున్నారంటే వేరొకరిని చూసుకోండి. అది మీ తప్పు కాదు, వాళ్లదీ కాకపోవచ్చు. ఒక్క సిటింగ్‌లో నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేవారు, పది సిటింగ్‌ల డబ్బు ముందే కట్టమని ఒత్తిడి చేసేవారు, ఇతర పేషెంట్ల సంగతులు మీకు చెప్పేవారు అయితే మాత్రం అంతసేపు కూడా ఆగనక్కర్లేదు.

ఆఫీసు భయం వదిలేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలను గోప్యంగా ఉంచాలి, డాక్టరైనా థెరపిస్టయినా మీ బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పరు. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. బీమాలో మానసిక జబ్బులనూ శారీరక జబ్బులతో సమానంగా చూడాలని కూడా అదే చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, ఓపీ సిటింగ్‌ల ఖర్చు వస్తుందో లేదో మీ పాలసీలో చూసుకోండి. ఫీజు భారమైతే థెరపిస్టుకు సూటిగా చెప్పండి. మొదటి నెల వారం వారం వెళ్లి, కాస్త కుదుటపడ్డాక పదిహేను రోజులకోసారి పెట్టుకోవచ్చు.